చెవిలో హోరు

నయాపూల్ దాటి మదీనా కూడలి చేరేసరికి, మోటారు సైకిలు మీద వచ్చే వ్యక్తికి శబ్దాల పద్మవ్యూహంలో ప్రవేశించినట్లే ఉంటుంది. ముందు ఆటోల హారన్లు, వెనుక సిటీ బస్సు గర్జన, పక్కన తోపుడు బండివాని కేక, పత్తర్‌గట్టి రాతి కమానుల నుండి తిరిగి వచ్చే ప్రతిధ్వని ఒక్కసారిగా చెవిని ముట్టడిస్తాయి. పాతబస్తీలో ఉదయం మొదలుకొని రాత్రి వరకు ద్విచక్ర వాహనం మీదనే బతుకు వెళ్ళదీసే వారెందరో ఉన్నారు. లాడ్‌బజారు గాజుల పెట్టెలు చేరవేసేవారు, బేగంబజారు నుండి సరుకు తెచ్చేవారు, ఇంటింటికీ భోజనం అందించేవారు అటువంటివారే. చెవి పాడవుతున్నదంటే వారందరూ వేలెత్తి చూపేది ఈ కూడలినే.

ఆ నింద సమంజసమే గాని సంపూర్ణం కాదు. అదే వ్యక్తి ఒక సెలవు రోజున చాంద్రాయణగుట్ట దాటి, పహాడీషరీఫ్ కొండ పక్కగా శ్రీశైలం రహదారి పట్టాడనుకొందాం. హారన్లు వెనుకబడతాయి. రోడ్డు విశాలమవుతుంది. బండి వేగం గంటకు 70, 80 కిలోమీటర్లకు చేరుతుంది. “ఇప్పటికి కాస్త ప్రశాంతంగా ఉన్నది” అని అతడు అనుకొంటాడు. అతని చెవికి అసలైన పరీక్ష మొదలయ్యేది ఆ ప్రశాంతతలోనే.

నగరంలోని రొదకు ఒక చట్టం ఉన్నది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2000వ సంవత్సరంలో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలను ప్రకటించింది. వాటి ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్‌కు శబ్దం మించరాదు. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలున్నది. అక్కడ పగటి పరిమితి 50, రాత్రి పరిమితి 40. మూసీ నదికి ఈ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి భవనం, ఆ ఒడ్డున హైకోర్టు భవనం వెలసిన చోటు ఇటువంటి రక్షణకు ఎంత తగినదో వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ ఆగక మోగే హారన్లను విన్నవారికి చట్టానికీ ఆచరణకూ నడుమ ఉన్న దూరం కూడా వేరుగా చెప్పనక్కరలేదు. అయినప్పటికీ ఆ శబ్దానికి ఒక కర్త ఉన్నాడు. అతని మీద ఫిర్యాదు చేయవచ్చు, జరిమానా విధించవచ్చు. చెవులు చిల్లులు పడేలా కూసే బహుళ స్వరాల హారన్లను కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 119వ నిబంధన నిషేధిస్తున్నది.

గాలి హోరు సంగతి అట్లా కాదు. అది ఒక్క చోదకుని చెవికి మాత్రమే వినబడే శబ్దం. రోడ్డు పక్కన నిలబడిన వారికి బండి చప్పుడు వినబడుతుందే గాని, చోదకుని శిరస్త్రాణం లోపల చెలరేగే హోరు వినబడదు. అందువల్ల దానిని గురించి ఫిర్యాదు చేసేవారు లేరు, కొలిచే అధికారి లేడు, శిక్షించే నిబంధన లేదు. తన శబ్దాన్ని తానే పుట్టించుకొని తానే భరిస్తున్నాడు గనుక దానిని ‘శబ్దం’గా గుర్తించడం చోదకునికి సైతం తట్టదు.

ఈ హోరు ఎట్లా పుడుతుంది? మూసీలో నీరు పారే రోజులలో పురానాపూల్ మీద నిలబడి కిందికి చూస్తే సమాధానం దొరుకుతుంది. 1578లో కట్టిన ఆ వంతెన స్తంభాలను తాకిన నీరు రెండు పాయలుగా చీలి, స్తంభం దాటగానే సుడులు తిరుగుతుంది. గాలి కూడా నీటివలె ప్రవహించే పదార్థమే. వేగంగా పోయే చోదకుని తల దాని ప్రవాహానికి అడ్డు నిలిచిన స్తంభం. శిరస్త్రాణాన్ని రాసుకొంటూ పోయే గాలి దాని అంచుల వద్ద, అద్దం సందుల వద్ద, గడ్డం కింద చిన్న చిన్న సుడులుగా విరుగుతుంది. ఒక్కొక్క సుడీ పీడనంలో ఒక చిన్న ఎగుడుదిగుడు. సెకనుకు వందలసార్లు కలిగే ఆ ఎగుడుదిగుడులనే చెవి హోరుగా వింటుంది. ఎదురుగాలి వీస్తే లెక్క మరింత పెరుగుతుంది. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుండగా 20 కిలోమీటర్ల వేగంతో గాలి ఎదురైతే, చెవికి తగిలేది 80 కిలోమీటర్ల గాలియే.

గంటకు 40 కిలోమీటర్లకు లోబడిన వేగంలో ఈ హోరు ఇంజను చప్పుడులోను, వాహనాల రొదలోను కలిసిపోతుంది. కనుక శాలిబండ సందులలో తిరిగే వారికి దీనితో పని లేదు. వేగం 60 దాటినప్పుడు గాలియే ప్రధాన శబ్దమవుతుంది. బ్రిటన్‌లో ఆండ్రూ మెకోంబ్ అనే చెవి వైద్యుడు, ఆయన సహచరులు 1990లలో మోటారు సైకిలు చోదకుల చెవుల వద్ద శబ్దాన్ని కొలిచారు. గంటకు 60 కిలోమీటర్ల వేగం వద్ద అది దాదాపు 90 డెసిబెల్స్‌గాను, 160 కిలోమీటర్ల వద్ద 110 డెసిబెల్స్‌గాను తేలింది. శిరస్త్రాణాన్ని బట్టి, కూర్చొనే తీరును బట్టి ఈ అంకెలు కొంత మారుతాయి.

ఇక్కడ డెసిబెల్ స్వభావాన్ని గురించి ఒక మాట చెప్పుకోవాలి. కిలోలను, మీటర్లను కూడినట్లు డెసిబెల్స్‌ను కూడరాదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే పదింతలవుతుంది. 90 నుండి 100కు పెరగడం అంకెలో చిన్న మార్పు, చెవి మీద పడే భారంలో పదిరెట్ల మార్పు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు భరించదగిన శబ్దం 85 డెసిబెల్స్. అక్కడి నుండి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతూ పోతుంది. 88 వద్ద నాలుగు గంటలు, 91 వద్ద రెండు గంటలు, 94 వద్ద ఒక గంట, 97 వద్ద అరగంట, 100 వద్ద పావుగంట. పాతబస్తీ నుండి శ్రీశైలానికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. ఎక్కడా ఆగక నడిపినా నాలుగైదు గంటలు పడుతుంది. చోదకుని చెవి ఆ రోజుకు ఉన్న వాటాను సగం దారి చేరకముందే ఖర్చు చేసివేస్తుంది. తిరుగు ప్రయాణం మిగిలే ఉంటుంది.

మన్ననూరు దాటిన తరువాత నల్లమల అడవి మొదలవుతుంది. వేగం తగ్గించి, ఒక మలుపులో బండి ఆపి, శిరస్త్రాణం తీసి, అడవి నిశ్శబ్దాన్ని విందామని చోదకుడు చెవి ఒగ్గుతాడు. పిట్టల కూత వినబడదు, ఆకుల సవ్వడి వినబడదు. చెవులలో దూది కుక్కినట్లుంటుంది. ఆ మొద్దుబారిన స్థితిలో సన్నగా ‘గీ’ మనే ఒక మోత మాత్రం తెంపు లేక సాగుతుంది. అది అడవిలో పుట్టినది కాదు, అతని చెవిలో పుట్టినది. మరునాటి ఉదయానికి అది సాధారణంగా తగ్గిపోతుంది. తగ్గింది గనుక నయమైందని అతడు భావిస్తాడు. ఈ భావనే ప్రమాదకరమైనది.

లోపల జరిగినదేమో చూద్దాం. కర్ణభేరి కంపనాలను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉన్న కర్ణావర్తంలో దాదాపు 15,000 రోమకణాలు ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు వాటి కొనలనున్న సన్నని నూగు, గాలికి వరిపైరు వంగినట్లు వంగి, మళ్ళీ లేస్తుంది. ఆ వంగడమే నాడీ సంకేతంగా మెదడుకు చేరుతుంది. పెనుగాలి తగిలితే పైరు కొంతసేపు వాలిపోయి తేరుకొంటుంది. తుపాను మీద తుపాను వస్తే పడిన పైరు ఇక లేవదు. పైరు పోతే మరుసటి ఏడు నారు పోసుకోవచ్చు. రోమకణాలకు ఆ అవకాశం లేదు. కోడి చెవిలో దెబ్బతిన్న రోమకణాల స్థానంలో కొత్తవి పుడతాయని శాస్త్రజ్ఞులు 1980లలో కనుగొన్నారు. మనిషికి మాత్రం పుట్టుకతో వచ్చినవే చివరి వరకు.

నష్టం మొదట తాకేది ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనులను, ముఖ్యంగా 3000 నుండి 6000 హెర్ట్‌జ్ వరకు ఉన్నవాటిని. ఇది మన భాషతో ముడిపడిన విషయం. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో బలంగా పలుకుతాయి. క, చ, ట, త, ప అనే పరుషాలను, శ, ష, స అనే ఊష్మాలను ఒకదాని నుండి మరొకదానిని వేరుచేసే గుర్తులు చాలావరకు ఎక్కువ పౌనఃపున్యంలోనే ఉంటాయి. పైగా అవి బలహీనమైనవి. అందుచేత దెబ్బతిన్న చెవికి మాటలోని అచ్చు చేరుతుంది, హల్లు జారిపోతుంది. ‘పాలు’ అన్నారో, ‘కాలు’ అన్నారో, ‘చాలు’ అన్నారో తెలియదు. “వినబడుతున్నది గాని అర్థం కావడం లేదు” అనేది ఇటువంటి వారు తరచుగా చెప్పే మాట. ఎదుటివారు గొంతు పెంచుతారు. గొంతు పెంచితే అచ్చులే పెరుగుతాయి, జారిపోయిన హల్లులు తిరిగి రావు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అని మనకు ఒక సామెత ఉన్నది. ఈ రకపు వినికిడి లోపంలో శంఖం చక్కగానే వినబడుతుంది, చిన్నపిల్లలు చెవిలో చెప్పిన రహస్యమే వినబడదు.

శిరస్త్రాణం ధరించాను గదా, చెవికి కూడా రక్ష ఉన్నట్లే గదా అనే భ్రమ చాలామందిలో ఉన్నది. శిరస్త్రాణం పుర్రెను కాపాడడానికి రూపొందినది. దాని పొరలు సన్నని ధ్వనులను కొంత అడ్డగిస్తాయి గాని, గాలి హోరులోని బొంగురు ధ్వనులు వాటిని సులభంగా దాటి వస్తాయి. 2011లో బ్రిటన్‌లోని బాత్ నగర పరిశోధకులు గాలి సొరంగంలో జరిపిన ప్రయోగాలలో, శిరస్త్రాణం కింది భాగం, గడ్డం దగ్గరి పట్టీ పరిసరాలు ముఖ్యమైన శబ్ద స్థానాలని వెల్లడించారు. ఇదంతా విని శిరస్త్రాణాన్ని తీసి పక్కన పెట్టేవాడు చెవితో పాటు తలను కూడా పోగొట్టుకొంటాడు. ఏ అడ్డూ లేని చెవికి గాలి నేరుగానే తగులుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ విభాగం శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని శిరస్త్రాణాల అమ్మకం దేశంలో నిషిద్ధం. చెవులను వదిలిపెట్టి నడినెత్తిని మాత్రమే కప్పే టోపీ వంటివాటికంటె ముఖమంతా కప్పే శిరస్త్రాణం, తలకు సరిగా పట్టినది, అన్ని విధాలా మేలు.

శిరస్త్రాణానికీ చెంపకూ మధ్య సెల్‌ఫోన్ ఇరికించి మాట్లాడుతూ పోయే దృశ్యం హైదరాబాదులో ఎవరికీ కొత్త కాదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని పాట వింటూ పోయేవారు మరికొందరు. గాలి హోరు 90 డెసిబెల్స్ ఉన్నప్పుడు పాట వినబడాలంటే దానిని అంతకంటె హెచ్చు స్థాయికి పెంచాలి. అంటే చెవిని కాపాడవలసిన చోట రెండవ బరువు ఎక్కించినట్లు. రోడ్డు మీది హెచ్చరికలు వినబడకపోవడం వేరొక అపాయం.

మరి చేయవలసినదేమిటి? అతి చౌకైనది, అతి ప్రయోజనకరమైనది చెవి బిరడా. మెత్తని స్పంజితో చేసిన ఈ బిరడాలు మందుల దుకాణాలలో దొరుకుతాయి. వాటిని పెట్టుకొనే పద్ధతి తెలియక చాలామంది “ఇవి పనికిరావు” అంటారు. బిరడాను శుభ్రమైన వేళ్ళతో సన్నని పుల్లవలె నలిపి, రెండవ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పై అంచును పైకి, వెనుకకు లాగాలి. అప్పుడు చెవి రంధ్రం తిన్నగా తెరచుకొంటుంది. బిరడాను లోపలికి జొనిపి, అది ఉబ్బి గట్టిపడే వరకు అర నిమిషం పాటు వేలితో నొక్కి ఉంచాలి. బయట సగం వేలాడుతున్న బిరడా బిరడా కాదు, అలంకారం. ప్రయోగశాలలో ఇటువంటివి 30 డెసిబెల్స్ వరకు తగ్గిస్తాయి. రోడ్డు మీద అందులో సగమే దక్కిందనుకొన్నా 97 డెసిబెల్స్ హోరు 82కు దిగుతుంది. అరగంట మాత్రమే భరించదగినది ఎనిమిది గంటల పరిమితికి లోబడుతుంది. దీనికి బదులుగా కొందరు వాడే దూది శబ్దాన్ని ఆపలేదు. పైగా తీసేటప్పుడు దాని పోగులు లోపలే మిగిలిపోతాయి.

బిరడా పెట్టుకొంటే వెనుక వచ్చే లారీ హారను వినబడదేమో అనే సందేహం సహజమైనది, గౌరవించదగినది. బిరడా గాలి హోరునూ హారనునూ రెండింటినీ తగ్గిస్తుంది. వాటి మధ్య గల హెచ్చుతగ్గు చాలావరకు అట్లాగే నిలుస్తుంది. ఎండలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకొన్నవానికి ఎదుటి బండి కనబడకుండా పోదు గదా! రహదారి వేగంలో హారనును మింగేది బిరడా కాదు, గాలియే. అయితే ఈ సమాధానం వేగంగా పోయే రహదారికే వర్తిస్తుంది. పాతబస్తీలో లెక్క తలకిందులవుతుంది. హుస్సేనీఆలంలోనో, మొఘల్‌పురాలోనో సందు మలుపు తిరిగేటప్పుడు కంటికి కనబడక ముందే చెవికి చేరే సైకిలు గంట, పసిపిల్లల పరుగు చప్పుడు, తోపుడు బండి చక్రాల కిర్రు ప్రాణాలు కాపాడుతాయి. అక్కడ చెవులు తెరచి ఉండడమే రక్షణ. కనుక బిరడాను పెట్టుకోవడం ఎంత అవసరమో, ఊరిలోకి రాగానే తీయడమూ అంతే అవసరం.

మెడకు దస్తీ చుట్టుకోవడం ఇక్కడి చోదకులకు పాత అలవాటు. దుమ్ము కోసం కట్టుకొనే ఆ గుడ్డను శిరస్త్రాణం కింది సందు మూసుకొనేటట్లు గడ్డం కింద కాస్త ఎత్తుగా చుట్టుకొంటే, లోపలికి దూరే గాలి కొంత తగ్గుతుంది. కొసలు వేలాడక లోపలికి దోపి ఉండాలి. ముఖం అద్దాన్ని పూర్తిగా మూసి ఉంచడం, వేగాన్ని 80 నుండి 60కి తగ్గించడం, గంటకొకసారి ఆగి చెవులకు విశ్రాంతి ఇవ్వడం కూడా పనికివచ్చేవే. వేగం తగ్గించడం మాత్రం ఉపదేశించడానికి తేలిక, ఆచరించడానికి కష్టం. పద్దెనిమిదేళ్ళు నిండి గేరు బండికి అనుమతి పత్రం చేతికి వచ్చిన మొదటి సంవత్సరంలో మరీ కష్టం.

చెవి మొద్దుబారినట్లు తోచగానే గోరువెచ్చని నూనె పోయడం, గుమిలి తీయించడం మన ఇండ్లలో వాడుక. గుమిలి అడ్డుపడిన చెవికి వైద్యుడు దానిని తొలగిస్తే మేలు జరుగుతుంది. హోరు వల్ల కలిగిన నష్టం అంతకంటె లోపల, నూనె చేరని చోట ఉంటుంది. ప్రయాణం ముగిసి ఒక రోజు గడిచినా చెవిలో మోత తగ్గకపోతే, నలుగురు మాట్లాడుకొనే చోట మాటలు విడివిడిగా తెలియకపోతే, వినికిడి పరీక్ష చేయించుకోవాలి. పాతబస్తీ వారికి మూసీ దాటితే కోఠీలోనే ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు వైద్యశాల ఉన్నది. నిశ్శబ్దమైన గదిలో ఒక్కొక్క పౌనఃపున్యం గల ధ్వనిని వినిపించి, వినగలిగిన కనీస స్థాయిని గీత మీద గుర్తిస్తారు. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవిలో ఆ గీత 4000 హెర్ట్‌జ్ దగ్గర గోతిలో పడినట్లు దిగి, ఆ తరువాత కొంచెం లేస్తుంది. నొప్పి లేకుండా, ఎవరికీ తెలియకుండా ఏళ్ళ తరబడి జరిగిన నష్టం మొదటిసారిగా కంటికి కనబడేది ఆ కాగితం మీదనే.

తెలిసినవారు ఇప్పుడు బిరడాల చిన్న డబ్బాను బండి తాళం చెవితో కలిపి గొలుసుకు తగిలించుకొంటున్నారు. పహాడీషరీఫ్ దాటగానే రోడ్డు పక్కన ఒక నిమిషం ఆగి వాటిని పెట్టుకొంటారు. తిరుగు ప్రయాణంలో చాంద్రాయణగుట్ట దగ్గర ఆగి తీసివేస్తారు. తీయగానే ఆటోల హారన్లు, బస్సుల గర్జన, చాయ్ దుకాణంలో గ్లాసుల గలగల, ఎవరినో పేరు పెట్టి పిలిచే గొంతు ఒక్కసారిగా చెవిలో పడతాయి.

పదాలు – అర్థాలు

ముట్టడించు : చుట్టుముట్టు
చోదకుడు : వాహనం నడిపేవాడు
శిరస్త్రాణం : తలకు రక్షణగా ధరించేది, హెల్మెట్
పౌనఃపున్యం : ఒక సెకనులో కలిగే కంపనాల సంఖ్య
చెవి ఒగ్గు : శ్రద్ధగా విను
గుమిలి : చెవిలో చేరే మైనం వంటి మలినం
దస్తీ : చేతిగుడ్డ

ప్రశ్నలు

1. నగరంలోని రొదకూ, చోదకుని చెవిలోని గాలి హోరుకూ గల భేదాన్ని వివరించండి.
2. “వినబడుతున్నది గాని అర్థం కావడం లేదు” అనడానికి కారణమేమిటి? పరుషాలను, ఊష్మాలను ఉదాహరణగా తీసుకొని రాయండి.
3. చెవి బిరడా వాడకం విషయంలో రహదారికీ పాతబస్తీ సందులకూ వర్తించే నియమాలు వేరుగా ఉండడానికి కారణం రాయండి.
4. మీ ఇంటి నుండి కళాశాలకు వచ్చే దారిలో మీ చెవిని తాకే శబ్దాలను వర్ణిస్తూ పదిహేను పంక్తులలో ఒక వ్యాసం రాయండి.